వదిన ముసుగుకి మీసాలు

గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చినన్నాళ్లూ, తల కదలకుండా వదిన ముఖానికి బిగించిన ప్లాస్టిక్ ముసుగు అది. ఆసుపత్రి వరండాలో అలాంటి ముసుగుల ప్రదర్శన పెడుతున్నారని మరదలు దానికి రంగులు వేసి, వదినకి చూపించడానికి తెచ్చింది.

"నాకు మీసాలెప్పుడు మొలిచాయే?"

"వీరుడి ముఖం వదినా. క్యాన్సర్‌తో యుద్ధం చేశావుగా."

"బల్లకేసి బిగించేస్తే, ముక్కు దురదేసినా గోక్కోవడానికి లేదు. యుద్ధమట, యుద్ధం!"

"మరి లోపల ఏం చేసేదానివి?"

"నిన్ను తిట్టుకునేదాన్ని. ఆ గదిలో ఒకటే చలి. నా నీలం శాలువా చూస్తే నీ బీరువాలో."

"అయ్యో, అడగొచ్చుగా!"

"గొంతు పెగిలితేగా అడగడానికి!"

"సరే, మీసాలు తీసేస్తా. నవ్వుతున్నట్టు వెయ్యనా?"

"వద్దు. కొత్తగా రేడియేషన్‌కి వచ్చినావిడ అది చూసి, తనకి నవ్వు రావట్లేదేంటని బెంగపడుతుంది."

"పోనీ, కింద జబ్బు పోయిందని రాయనా?"

"పోయిందని ఎవరన్నారు? మూడు నెలలకోసారి చూస్తూ ఉండాలన్నారు. అదీ నీలాంటిదే, చెప్పాపెట్టకుండా ఊడిపడుతుంది."

"వదినా!"

"కళ్లు తుడుచుకో, నీళ్లు రంగు మీద పడతాయి. ఉన్నదున్నట్టు రాయి. ముప్పై మూడుసార్లు ఆ బల్ల మీద పడుకుంది, ముప్పై మూడుసార్లు లేచి ఇంటికెళ్లింది అని."

"అంతేనా?"

"మెడ చుట్టూ నా నీలం శాలువా కూడా వెయ్యి. బొమ్మకైనా దక్కుతుంది."