మళ్ళీ లాయరమ్మ

ఏమే అమ్మడూ, మొహం అలా వేలాడేసుకుని వచ్చావ్? ఎవరూ రాలేదా? ఒక్కళ్ళు కూడానా! హాలు నిండా కుర్చీలు వేశారు, మైకు పెట్టారు, ఉచిత న్యాయ సలహా అని ఇంత పొడుగు బ్యానరు కట్టారు. ఏంటీ, రాకపోతే వాళ్ళ ఖర్మా? అనకు, అలా అనకు. ఇలా వచ్చి బెంచీ మీద కూర్చో. నా చేతిలో గడ్డం గీసే కత్తి ఉందని బెదరకు, పదును పెట్టుకుంటుంటేనే నాకు మాట సాగుతుంది. నీలాంటి కుర్ర లాయర్లే వెనకటికి ఒకసారి మన వీధికొచ్చారు. మీ దగ్గరికి ఎవరూ రాలేదు, అంతే కదా. వాళ్ళని చూసి వీధి వీధంతా తలుపులేసుకుంది!

నవ్వుతావేం, నిజమే. అంతకు కొన్నాళ్ళ ముందే నల్లకోటాయన ఒకడు కోర్టు మనిషిని వెంటేసుకొచ్చి, చివరింటి వాళ్ళ సామానంతా రోడ్డు మీద పెట్టించాడు. మంచాలు, గిన్నెలు, పసిదాని ఉయ్యాలతో సహా. అది చూసిన జనం, అన్ని నల్లకోట్లు ఒక్కసారే దిగేసరికి హడలిపోరూ? మేం సాయం చెయ్యడానికి వచ్చామండీ బాబూ అని పాపం మైకులో ఒకటే మొత్తుకోలు. ఎవడు వింటాడు? కిరాణా కొట్టాయన షట్టరు దించేసుకుని లోపల్నుంచి 'ఇంట్లో ఎవరూ లేరు' అని అరిచాడు. తెలివి చూడు! ఎండ నెత్తికెక్కాక లాయర్లంతా చెమటలు కక్కుకుంటూ వెళ్ళిపోయారు. ఒక్క పిల్ల మాత్రం పోలేదు. నీ వయసే ఉంటుంది. పీలగా, గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది, గొంతు మాత్రం అబ్బో! తిన్నగా మన సెలూన్‌కి వచ్చి 'బాబాయ్, కాసిని మంచినీళ్ళు' అంది. తాగి, కోటు విప్పి, అదిగో ఆ అద్దం పక్కన మేకుంది చూడు, దానికి తగిలించి, ఇప్పుడు నువ్వు కూర్చున్న చోటే కూర్చుంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. గడ్డాలకొచ్చిన వాళ్ళ మాటలు వింటూ కూర్చుంది.

మనిషికి సబ్బు పూసి తల వెనక్కి వాల్చామంటే, కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడే. పెళ్ళాంతో గొడవ, యజమానితో గొడవ, గోడవతల వాళ్ళతో గొడవ. ఆ పిల్ల అన్నీ విని, సబ్బు కడిగేశాక మెల్లిగా 'అన్నా, దానికో దారుంది' అనేది. ఇక ఆదివారం ఆదివారం రావడం మొదలెట్టింది. ఎవడైనా టీ ఇప్పించబోతే కసిరేది. అదో రకం మనిషిలే. ఫోను లోపల పెట్టు, చెబుతున్నానా? అసలు కథ మీ నానమ్మది, అదే మా అక్కది.

మా బావ పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు. మీ నాన్న బడికెళ్ళే పిల్లాడు. మా అక్కకున్నదల్లా ఆ ముందు గదులు రెండూ, ఒక కుట్టు మిషనూ. ఇంతలో బావ వాళ్ళన్నయ్య, అదే మీ పెద్దతాత, ఇల్లు ఖాళీ చెయ్యమని పట్టుబట్టాడు. ఉరిమినట్టుండేది ఆయన గొంతు. ఆయన గుమ్మంలో దగ్గితే మా అక్క లోపల మిషను ఆపేసేది. ఈ పిల్ల కాగితాలన్నీ తయారుచేసి కేసు వేసింది. జడ్జిగారు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తానన్నారు. అక్క భోరుమంది. 'నావల్ల కాదమ్మా, నువ్వే చెప్పు' అంది. ఆ పిల్ల ఏమందో తెలుసా? 'నేనే చెబుతానత్తా. కానీ రేపు నేను పక్కన లేనప్పుడు ఆయన మళ్ళీ వచ్చి దగ్గితే?' అంది.

ఇక మొదలైంది సంబడం. ఆదివారం షాపు మూశాక నాకు తెల్లగుడ్డ కప్పి ఈ తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టింది. నేను జడ్జినట! తను మీ పెద్దతాత. మీసం దువ్వుతున్నట్టు పైపెదవి మీద వేలు పెట్టి, 'ఏమ్మా! నా తమ్ముడే పోయాక ఈ ఇంట్లో నీకేం పని? పెట్టె సర్దుకో!' అని ఒక్క అరుపు. అచ్చం ఆయనే! అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు. నాకు ఒళ్ళు మండిపోయింది. 'సాయానికొచ్చావా, ఏడిపించడానికొచ్చావా?' అని లేచాను. 'ఇక్కడ ఏడిస్తే పర్లేదు బాబాయ్, మనం మనమే. అక్కడ మాట రాకపోతే ఇల్లు పోతుంది' అని, అక్కవైపు తిరిగి 'మళ్ళీ' అంది. అక్క ఏడ్చింది. మళ్ళీ. నీళ్ళు నమిలింది. మళ్ళీ. వారం వారం అదే వరస. వీధిలో ఆ పిల్ల పేరే మళ్ళీ లాయరమ్మ అయిపోయింది.

కోర్టు రోజు రానే వచ్చింది. నేను వెనక గోడకి అతుక్కుని నిలబడ్డాను. మీ పెద్దతాత బల్ల మీద గుద్ది, 'నా తమ్ముడే పోయాక ఈవిడకి ఇక్కడేం పనండీ!' అన్నాడు. మాట కూడా మారలేదే! అక్క తల వంచేసింది. భుజాలు అదురుతున్నాయి. అయిపోయింది, కొంప మునిగిందనుకున్నాను. తలెత్తింది. నవ్వుతోంది! 'ఎందుకమ్మా నవ్వు?' అన్నారు జడ్జిగారు. 'తప్పనుకోకండయ్యా, మా తమ్ముడి సెలూన్లో ఒక పిల్ల ఇంతకంటే గట్టిగా అరుస్తుంది' అంది. ఆ నవ్వుతోటే చెప్పింది, 'ఆ గోడలు మా ఆయన కట్టాడు, ఇటుకలు నేనందించాను. ఆయన వాటా నాదీ, నా బిడ్డదీ. నేను కదలను.' మీ పెద్దతాత మొహాన నెత్తురు చుక్క లేదు. ముందువైపు గదులు రెండూ అక్కకే అని తేలింది. నువ్వు పాకిందీ, అక్షరాలు దిద్దిందీ ఆ గదుల్లోనే. బయటికొచ్చాక చూస్తే లాయరమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. మీ నానమ్మ దాని గడ్డం పట్టుకుని 'మళ్ళీ చెప్పనా?' అంది.

ఎక్కువ కాలం బతకలేదే ఆ పిల్ల. ఎక్కడో వరదలొస్తే జనానికి సాయం చెయ్యాలని పోయి జ్వరంతో తిరిగొచ్చింది. మరి లేవలేదు. ఆ కబురు తెలిసిన రోజు మీ నానమ్మ మిషను ముట్టుకోలేదు. నేను షాపు తీశాను గానీ, ఒకాయన చెవి కింద గాటు పెట్టాను. చూస్తే ఆయనా ఏడుస్తున్నాడు. ఎంత మంచి పిల్లనుకున్నావ్... ఆ మేకుకి ఇన్నేళ్ళలో ఎవర్నీ చొక్కా కూడా తగిలించనివ్వలేదు నేను...

ష్, ఊరుకో. కిరాణా కొట్టాయన కొడుకొస్తున్నాడు. కొట్టు ఖాళీ చెయ్యమంటున్నారట, ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతున్నాడు. నువ్వేం అడక్కు, సబ్బు పూశాక వాడే చెబుతాడు. ముందా కోటు విప్పు. ఏంటలా చూస్తావ్, మేకు ఖాళీగానే ఉందిగా, తగిలించు.