నాలుగో పాటలో ఖాళీ

మిసిసిపీలో గ్రీన్‌విల్ ఊరు. ఆదివారం చర్చి ముగిశాక అమోస్ పెటిస్ ఇంటి వరండా. పదకొండేళ్లుగా మాటల్లేని ఇద్దరు ముసలి గిటారు వాళ్లు ఎదురుబొదురుగా ఉన్నారు. పాటగాడు డ్వేన్ హాస్కెట్ పేరు దేశమంతా తెలుసు. అమోస్ పేరు ఈ వీధికి తెలుసు.

"అలా గుడ్లప్పగించి చూడకు డ్వేన్. కూర్చో. ఆ పూలెవరికి?"

"పూలా... వదినకి."

"నా పెళ్లానికి నువ్వు పూలు తేవడమేమిట్రా? అదీ తెల్ల లిల్లీలు! మా వీధిలో వాటిని శవపేటిక మీద పెడతారు."

"అన్నా, నువ్వు... ఒంట్లో ఎలా ఉంది?"

"గుండ్రాయిలా ఉన్నాను. ఏం, ఉండకూడదా?"

"అబ్బే, అదేం కాదు. కాసిని మంచినీళ్లు..."

"ఎర్లీన్! మీ రాక్ స్టార్ వచ్చాడు, మంచినీళ్లు పట్రా! మొహం పాలిపోయింది వీడికి. అసలే తెల్లోడు, ఇంకా తెల్లబడ్డాడు."

"చేపలు నూనెలో ఉన్నాయి. నేనొచ్చేదాకా ఇద్దరూ కొట్టుకు చావకుండా ఉండండి."

"విన్నావుగా, ఆగు. ఈలోగా ఎందుకొచ్చావో చెప్పు. కొత్త రికార్డు సంగతేనా? డెబ్బై రెండేళ్లకి నీకు మా నల్లోళ్ల బ్లూస్ పాట గుర్తొచ్చిందట. మూలాలకి తిరిగొచ్చిన మహానుభావుడని పేపర్లో రాశారు. ఎవరి మూలాలురా? మా మేనమామ ఇక్కడ కూర్చుని వాయిస్తుంటే ఆ మెట్ల మీద కూర్చుని నేర్చుకున్నావు."

"నేనూ అదే చెప్పానన్నా వాళ్లకి. ఆయన పేరు కూడా చెప్పాను."

"చెప్పావులే. లోపలి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు."

"అయితే మొత్తం చదివావన్నమాట."

"చేపలు చుట్టిచ్చిన కాగితం. కళ్లబడింది."

"రికార్డు విన్నావా?"

"నాకేం పనీపాటా లేదా?"

"ఇదిగో, కాపీ తెచ్చాను... వదినకి."

"మళ్లీ వదినకే! పూలు వదినకి, రికార్డు వదినకి. ఈ ఇంట్లో నేను లేనా?"

"ఉన్నావు. ఉన్నావన్నా. అదే చూస్తున్నాను."

"రెండో పాటలో డ్రమ్ములు తొందరపడ్డాయి."

"వినలేదన్నావు?"

"పక్కింటోడు రేడియో పెడితే చెవుల్లో దూది కుక్కుకోవాలా? సరేగానీ, మూడో పాటలో గిటారు ఎవడు? వాడేనా?"

"ఎవడు?"

"ఎవడని నన్నడుగుతావా! నన్ను తీసేసి పెట్టుకున్నావే, ఆ ఆస్టిన్ ఊరి కుర్రాడు."

"కుర్రాడేంటి, కోల్బీకి నలభై దాటాయి. వాడే."

"ఒక్క స్వరం చాలినచోట పదకొండు వాయిస్తాడు. నోట్లో ముద్ద మింగకుండా ఇంకో ముద్ద కుక్కుకునే రకం."

"బానే వాయిస్తాడన్నా."

"బానేనా? నలభై ఏళ్లు నీ పక్కన నిలబడ్డాను. నా గురించి ఎప్పుడైనా ఆ మాత్రం అన్నావా?"

"నీకు చెప్పాల్సిన పనేముందనుకున్నాను."

"ఉంది. చెప్పాల్సిన పనుంది! కచేరీలకెళ్లే బస్సులో కిటికీ పక్క నా సీటు కూడా వాడికే ఇచ్చావా?"

"అన్నా, పదకొండేళ్లయింది..."

"ఇచ్చావా, లేదా?"

"ఇచ్చాను."

"అనుకున్నాను. వాడు గురక పెడతాడా?"

"పెట్టడు."

"ఏం మగాడు వాడు! సరే, నాలుగో పాట సంగతి చెప్పు."

"దాని సంగతేంటి?"

"తప్పు పోయింది. నువ్వు ఒక లైను పాడి ఆగుతావు, గిటారు బదులివ్వాలి. ఎవడూ ఇవ్వడు. మళ్లీ పాడి ఆగుతావు, మళ్లీ అంతే. డ్రమ్ములూ బేసూ వాటి దారిన అవి పోతుంటాయి. పాట చివరిదాకా ఇదే వరస. గొంతు అడగాలి, గిటారు చెప్పాలి, అదీ బ్లూస్ అంటే. చెప్పేవాడు లేకపోతే అది పాట కాదురా, ఫిర్యాదు! ఆ కోల్బీ ఆ పూట నిద్రపోయాడా?"

"అక్కడే ఉన్నాడు. నేనే వాయించొద్దన్నాను."

"ఎందుకు?"

"వదిలెయ్యన్నా."

"ఎందుకని అడుగుతున్నాను."

"వాడు మొదలుపెట్టాడు. రెండు స్వరాలైనా పలికాయో లేదో, వెళ్లి తీగల మీద చెయ్యేసి ఆపేశాను. ఇక్కడ నీకు పని లేదు, ఈ చోటు ఇంకొకరిదన్నాను."

"ఇంకొకరంటే?"

"నీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? చెప్పు."

"రికార్డు అట్ట వెనకాల రాసుంది, చదువుకో."

"కళ్లజోడు లేదు. నువ్వు చదువు."

"నీ ముక్కు మీదే ఉంది కదా!"

"ఇది దూరపు చూపుకి. చదవరా."

"'ఈ పాటలో బదులు చెప్పాల్సినవాడు అమోస్ పెటిస్. ఆయన చనిపోయాడు. ఆయన చోట ఎవరూ వాయించరు.'"

"మళ్లీ చదువు."

"అన్నా!"

"మళ్లీ చదవమన్నానా?"

"నువ్వు చచ్చిపోయావని చెప్పారన్నా! పోయినేడు ఫిబ్రవరిలో ఫోన్ చేశాను. రికార్డు మొదలెడుతున్నాను, అన్నని పిలవండి అన్నాను. వారం కిందటే పాతిపెట్టాం అంది వదిన! మూడు రోజులు స్టూడియో గడప తొక్కలేదు నేను. ఇన్ని నెలలూ ఈ ఊరొచ్చే ధైర్యం చాలలేదు. ఇవాళ నీ సమాధి దగ్గర ఈ పూలు పెడదామని వస్తే, నువ్వు వరండాలో కూర్చుని ఈగలు తోలుకుంటున్నావు!"

"మూడు రోజులా?"

"ఏంటి?"

"ఏడ్చావా?"

"ఏడవనా మరి!"

"ఒక్కడివే ఏడ్చావా, ఆ కోల్బీ ముందు ఏడ్చావా?"

"వాడి ముందే ఏడ్చాను! చాలా?"

"వాడేమన్నాడు?"

"తన కోసం ఎవరూ ఇలా ఏడవరన్నాడు."

"అనాలి. అనాల్సిందే వాడు."

"నవ్వుతావేంటన్నా? మెంఫిస్‌లో ఆ పాట పాడితే జనం టోపీలు తీసి నిలబడ్డారు నీ కోసం. బతికున్న మనిషిని వదిన ఎందుకు చంపేసింది? వదినా! ఒకసారి బయటికి రండి!"

"పోనీరా. ఆడది, ముసలిదైంది. ఏదో నోరు జారింది."

"పాతిపెట్టామని నోరు జారతారా ఎవరైనా?"

"వచ్చాను, వచ్చాను. ఏంటయ్యా మీ గోల? ఇదిగో నీళ్లు. చేపలు చల్లారకముందే తినండి."

"వదినా, నామీద కోపముంటే నన్ను తిట్టాల్సింది. అన్నని తీసేసి వేరేవాణ్ణి పెట్టుకున్నాను, తప్పే. దానికి అన్నని చంపేస్తారా?"

"నేనా చంపింది? అమోస్, నేనా?"

"నువ్వు లోపలికెళ్లు ఎర్లీన్."

"వెళ్లను. పద్నాలుగు నెలలుగా ఈ అబద్ధం మోస్తున్నాను. చర్చిలో తల ఎత్తలేకపోతున్నాను. డ్వేన్, నువ్వు ఫోన్ చేసినప్పుడు ఈయన నా పక్కనే నిలబడున్నాడు. నీ గొంతు విన్నాడు. అలా చెప్పమన్నది ఈయనే."

"నిజమా అన్నా? నువ్వేనా?"

"అవును, నేనే. నా చోట ఎవణ్ణి కూర్చోబెడతావో చూద్దామనుకున్నాను. కుళ్లు. ఒట్టి కుళ్లు. పదకొండేళ్లుగా ఆ కోల్బీని తలుచుకుని కుళ్లుతూనే ఉన్నాను. చాలా?"

"ఓరి నీ ఇల్లు బంగారం కాను! నేనేడుస్తానో లేదో చూడ్డానికా ఇదంతా? సరే, ఏడ్చాను. నువ్వే గెలిచావు. ఇంక గిటారు తియ్యి."

"ఎందుకు?"

"నాలుగో పాట టేపు అలాగే ఉంది. రేపే పోదాం. ఆ ఖాళీ అంతా నీదే."

"ఖాళీయే బాగుందిలే. వదిలెయ్."

"ఇందాక తప్పు పోయిందన్నావు!"

"ఇప్పుడు బాగుందంటున్నాను."

"పోనీ ఇక్కడే, ఒక్క లైను పాడతాను. బదులివ్వు చాలు."

"ఆదివారం నేను వాయించను."

"జన్మంతా ఆదివారాలు వాయించినవాడివి! ఇంకా కోల్బీ మీదే ఉందా నీ కోపం?"

"అవును, ఉంది. వాడి మీద కుళ్లే అనుకో. ఇంకేం అడక్కు."

"అది కాదు డ్వేన్."

"ఎర్లీన్, నా మాట విను. నోరు తెరవకు."

"కుళ్లుంది, లేదనను. కానీ ఆ రోజు అలా చెప్పమన్నది కుళ్లుతో కాదు నాయనా. గిటారు ఇంట్లో లేదు, అమ్మేసి రెండేళ్లయింది. ఈయన వేళ్లు వంగవు. చొక్కా గుండీలు కూడా నేనే పెడుతున్నాను. నీ గొంతు వినగానే నా చెవి దగ్గరికొచ్చి, 'వేళ్లు పోయాయని వాడికి చెప్పకే ఎర్లీన్, నేనే పోయానని చెప్పు' అన్నాడు."