పనంతా ముందు, మనిషి చివర

ఆవిడ చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. ఎదురుగా ఆవిడ భర్త, వ్యాకరణం మాస్టారు, ఆవిడ రాసిచ్చిన నోటుబుక్కు పక్కన పెట్టుకుని, పరదేశీయులకు తెలుగు నేర్పే పుస్తకం ముగిస్తున్నాడు. రాతప్రతి కోసం ప్రెస్సు అతను గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమే, ఇంకొక్క ఉదాహరణ చెప్పు. ఒక్కటే.”

“పొద్దుట్నించీ ఒక్కటే ఒక్కటే అని పద్నాలుగు చెప్పించారు.”

“నాది బాలేదే. ‘పాఠము చదివిన బాలుడు.’ ఎండుగడ్డి నమిలినట్టుంది.”

“‘తడి తువ్వాలు మంచమ్మీద పడేసిన మహానుభావుడు.’ రాసుకోండి.”

“అబ్బ, జీవం! చూశావటయ్యా ప్రెస్సూ? పరాయి భాషల్లో ముందు మనిషిని చెప్పి, వెనకాల ‘ఎవరైతే’ అని తోక తగిలిస్తారు. మనకా తోకెందుకు? చేసిన పనంతా ముందు, మనిషి చివర!”

“మనింట్లోనూ అంతేగా.”

“భలే! ఇదీ రాసుకుంటా.”

“రాసుకోండి. ఏవండీ, ముందుమాటలో నా పేరు పెట్టారా?”

“చిక్కుళ్ళు ముదిరినట్టున్నాయే.”

“లేతవే. పెట్టారా?”

“పెట్టా... పెట్టినట్టే.”

“చదవండి.”

“అతను నిలబడున్నాడు, పాపం...”

“నాకేం తొందర్లేదు మాస్టారూ. చదవండి.”

“‘మూడువందల ఉదాహరణలు ఏరి, నోటుబుక్కులో ముత్యాల్లా రాసి ఇచ్చిన...’”

“ఊఁ. ఇచ్చిన?”

“‘...ఇచ్చిన వారికి కృతజ్ఞతలు.’”

“ఎవరా వారు?”

“నువ్వేనే! అందరికీ తెలుస్తుంది.”

“ఎలా తెలుస్తుంది?”

“అట్టమీద నా పేరుందిగా! అయినా కొళాయి దగ్గర విన్న మాటలకి పేరెందుకే?”

“కొళాయి దగ్గర, దర్జీ కొట్టు దగ్గర, ఆసుపత్రి బెంచీ మీద. ఏడేళ్ళు విన్నాను.”

“విన్నావు, కాదన్నానా? పండితుడి పుస్తకంలో పెళ్ళాం పేరంటే, పదిమందీ ఏమనుకుంటారు?”

“చివరికైనా వస్తుందనుకున్నా.”

“అలగకే. మొదటి ప్రతి నీకే, సంతకం పెట్టి మరీ ఇస్తా. సరేనా? ఏమే? చిక్కుళ్ళు అలా వదిలేశావేం? చెప్పులెందుకు? ఎక్కడికి? ఏమే!”

“వెళ్ళిపోయారండీ.”

“వస్తుందిలే. పొయ్యి మీద పప్పుంది, ఎక్కడికి పోతుంది? నువ్వు పుస్తకం పట్టుకెళ్ళు.”

“ఏ పుస్తకమండీ? నోటుబుక్కు అమ్మగారి చంకలో వెళ్ళింది. ఇక్కడ మీ సూత్రాలే ఉన్నాయి.”

“వేరే నకలు లేదే! సూత్రాలు... అవెంతవుతాయి?”

“నాలుగు పేజీలండీ. అందులో రెండు ముందుమాట.”