నూట ముప్ఫై ఏడో రాయి దగ్గర

ఉదయం పదకొండు దాటింది. పెద్ద రోడ్డు అంచున ఒక తెల్ల కారు ఆగి ఉంది. దాని వెనక, పైన లైటు తిరుగుతున్న గస్తీ బండి.

“అది కాదమ్మా, ముందు కారు దిగండి. దిగి ఆ ఇనప కంచె అవతలికి వెళ్ళి నిలబడండి. మాటలు తర్వాత.”

“నేను బాగానే ఉన్నానండీ. ఇక్కడే కూర్చుంటాను.”

“మీరు బాగానే ఉన్నారు. వెనకనించి వచ్చే లారీవాడు బాగున్నాడో లేదో మనకి తెలీదు కదా. వాడికో కునుకు పట్టిందంటే తెల్లగీత దాటి సరాసరి మీ డిక్కీలోకి వచ్చేస్తాడు. దిగండి. రోడ్డు వైపు తలుపు కాదు, ఇటువైపుది. ఆఁ, అలా. బట్టలు జాగ్రత్త, కంచె గీసుకుంటుంది.”

“దిగాను. చాలా?”

“ఇంకో రెండడుగులు. చాలు. ఇప్పుడు చెప్పండి, ఏమైంది?”

“టైరు. వెనకది.”

“అబ్బో, నేలకి అంటుకుపోయిందే. ఎప్పుడాగారు?”

“ఇప్పుడే.”

“ఇప్పుడే అంటే?”

“కాసేపైంది.”

“మా కెమెరా వాళ్ళు తొమ్మిదిన్నరకే చూశారట మీ కారుని. నేను అక్కడ గుంట పూడ్చేవాళ్ళకి కోన్లు పెట్టిస్తూ ఇరుక్కుపోయాను, లేకపోతే ముందే వచ్చేవాణ్ణి. గంటన్నర దాటిందమ్మా.”

“అయ్యుంటుంది.”

“మరి ఫోన్ చెయ్యలేదేం?”

“నంబరు తెలీదు.”

“మీ ఎదురుగా బోర్డు మీద రాసుంది కదమ్మా, ఏనుగంత అక్షరాలతో. పోయిన నెల నేనే దగ్గరుండి దుమ్ము కడిగించాను.”

“చూళ్ళేదు.”

“పోనీలెండి. కంగారులో కళ్ళెదురుగా ఉన్నదే కనపడదు. మొన్న ఒకాయన బండి తాళం పోయిందని గోల పెట్టేశాడు, పళ్ళ మధ్య పట్టుకుని నాతో మాట్లాడుతున్నాడు. డిక్కీ తీస్తారా? స్టెప్నీ ఉందా?”

“ఉందనుకుంటా. తాళం... తాళం ఎక్కడ పెట్టానో.”

“మీ చేతిలోనే ఉందమ్మా.”

“ఆఁ. అవును.”

“ఇలా ఇవ్వండి. ఉండండి, వైర్‌లెస్‌లో మా ఆఫీసు అమ్మాయికి ఓ మాట చెప్తా. కంట్రోల్, కంట్రోల్. నూట ముప్ఫై ఏడో రాయి దగ్గరున్నా. తెల్ల కారు, ఒక్కరే, ఆడమనిషి. దెబ్బలేం లేవు. టైరే.”

“సరే బాబాయ్. ఎంతసేపు పడుతుంది?”

“పావుగంట తల్లీ. ముందు గాలి కొట్టి చూస్తా. నిలిస్తే సరి, లేదంటే చక్రం మారుస్తా. గుంట దగ్గర ఒక వరస ఇంకా మూసే ఉందా?”

“మూసే ఉంది. రెండు కిలోమీటర్ల బారు. గుంట తవ్వింది నేనే అన్నట్టు అందరూ నన్ను తిడుతున్నారు.”

“తిట్లేగా, తినెయ్ తల్లీ, ఖర్చులేని తిండి. ఉంటా.”

“ఇక్కణ్ణించి ముందుకెళ్తే ఆలస్యమవుతుందాండీ?”

“అవుతుంది. ఓ అరగంట.”

“అంతేనా?”

“అంతేనా ఏమిటమ్మా! ఇరవై ఏళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నా, అరగంట ఆలస్యమంటే అంతేనా అన్న మనిషిని మిమ్మల్నే చూడ్డం. మిగతావాళ్ళంతా కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు గెంతుతారు. ఎక్కడికి వెళ్తున్నారు?”

“మా అక్క దగ్గరికి.”

“ఎదురుచూస్తూ ఉంటుంది పాపం. ఫోన్ చేసి చెప్పారా?”

“లేదు.”

“అయితే అయిపోయారు. నాకూ ఉంది ఒకావిడ. యాభై మూడేళ్ళొచ్చాయి నాకు, ఇప్పటికీ అన్నం తిన్నావా అని కాదు, ఎంత తిన్నావని అడుగుతుంది. మీ అక్కగారూ అంతేనా?”

“మా అక్క అడగదు. వడ్డించేస్తుంది.”

“గట్టిమనిషే.”

“గట్టిదే. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, దానికి పదహారు. నెల తిరక్కుండానే నాకు జడలేసి బడికి పంపింది. ఎంత బిగించి వేసిందంటే కళ్ళు రెండూ పైకి లాక్కుపోయాయి. క్లాసులో అందరూ నవ్వారు. ఇంటికొచ్చి ఏడిస్తే, రేపు వదులుగా వేస్తాలే ఊరుకో అంది. మర్నాడూ అలాగే బిగించింది.”

“పెళ్ళిళ్ళయ్యాక చెరో ఊరూ అయ్యారన్నమాట.”

“నాకే చేసింది. అది చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, నాకు అప్పుడే ఓ పిల్ల ఉందిగా అనేది.”

“అనేదా?”

“అంటుంది. అంటుంది.”

“మీ ఫోన్ మోగుతోందమ్మా.”

“మోగనివ్వండి.”

“అక్కగారేమో.”

“కాదు.”

“చూడకుండానే?”

“అక్క కాదండీ. మీరు మీ పని చూసుకోండి.”

“సరే, సరే. గాలి పెడుతున్నా, మోత ఎక్కువగా ఉంటుంది... అయింది. ముప్ఫై మూడు. చూశారా, నిలుస్తోంది. సబ్బునీళ్ళు పోద్దాం. ఊహూఁ, ఒక్క బుడగ లేదు. మేకు లేదు, చీలిక లేదు. విచిత్రంగా ఉందే!”

“ఇంకా దగ్గరగా చూడండి. ఉంటుందేమో.”

“అన్నంలో రాయి నాకు కనపడదేమో గానీ, టైర్లో మేకు తప్పించుకోలేదమ్మా. ఈ చక్రానికేం రోగం లేదు.”

“ఎందుకైనా మంచిది, స్టెప్నీ వేసెయ్యండి.”

“బాగున్న చక్రం విప్పడం దేనికి?”

“నెమ్మదిగానే వెయ్యండి. నాకేం తొందర లేదు.”

“మళ్ళీ మోగుతోంది. నేను చూడాలని చూళ్ళేదు గానీ, సీటు మీద కనపడుతోంది. హాస్పిటల్ అని పడుతోందమ్మా.”

“తెలుసు.”

“తియ్యరా?”

“తియ్యను.”

“మీ ఇష్టం. నాకెందుకు... ఇదేమిటి? గాలి పెట్టేచోట మూత కంకర్లో పడుంది. పక్కనే జడపిన్ను. ఎవడో ఆకతాయి గాలి తీశాడమ్మా! దార్లో ఎక్కడైనా ఆగారా? టీకొట్టు దగ్గర?”

“ఎక్కడా ఆగలేదు.”

“ఆగకపోతే ఎలా... కాదు కాదు, గాలి లేని చక్రం మీద వచ్చుంటే రిమ్ము వంగేది. గీత కూడా పడలేదు. ఇక్కడే తీశారు. మీరాగాక ఎవరైనా వచ్చారా? బెదిరించారా? భయపడకండి, చెప్పండి.”

“ఎవరూ రాలేదు.”

“మరి...”

“నేనే తీశాను.”

“మీరా? ...అమ్మా, కదలకండి. అక్కడే ఉండండి. ఆ రోడ్డు వైపు చూడకండి, నన్ను చూడండి. నా చెయ్యి పట్టుకోండి.”

“ఏమిటండీ, ఏమైంది?”

“ఇలాంటివి నేను చూశానమ్మా. బండి పక్కన పెట్టి, ఫోన్ తియ్యకుండా, లారీలకేసి చూస్తూ... రెండేళ్ళ క్రితం ఒకాయన చొక్కా నా చేతికందింది, మనిషి అందలేదు. మీకేం కష్టమొచ్చిందో నాకు తెలీదు గానీ...”

“అయ్యో, అందుక్కాదు. అందుక్కాదన్నా. చావడానికి కాదు.”

“ఒట్టు?”

“ఒట్టు. ఇద్దరు పిల్లలున్నారు నాకు. చెయ్యి వదలండి, నొప్పెడుతోంది.”

“వదిలాను. కంచెకి అటే ఉండండి. అమ్మో, గుండె ఆగినంత పనైంది. మరెందుకు తీశారమ్మా?”

“ఊరికే ఆగితే మళ్ళీ బయల్దేరతానని. నడిచే బండి కదా. ఎవరైనా వచ్చి ఇక్కడ ఆగకూడదు, పదమంటే వెళ్ళాల్సొస్తుంది.”

“వెళ్ళడం ఇష్టం లేదా? హాస్పిటల్లో ఉన్నది అక్కగారేనా?”

“పదకొండు రోజులైంది. ఆఫీసులో కుర్చీలోంచి లేస్తూ పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. అప్పట్నించీ మెషినే ఊపిరి ఊదుతోంది. పది రోజులు పక్కనే కూర్చున్నాను. తల దువ్వాను. మొన్న గోళ్ళు కత్తిరించాను. లోపల ఏమీ మిగల్లేదంటున్నారు కదా, మరి గోళ్ళెందుకు పెరుగుతాయన్నా?”

“నాకు తెలీదమ్మా.”

“నిన్న పెద్ద డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. మంచాయనే, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాడు. ఇంక లేవదమ్మా, ఇంటికెళ్ళి అందరితో మాట్లాడుకుని రండి అన్నాడు. అందరూ అంటే ఎవరు? దానికి నేను తప్ప ఎవరున్నారు?”

“మీ ఆయన రాలేదా?”

“వస్తానన్నారు. నేనే వద్దన్నాను. ఆయన పక్కనుంటే ఏడుస్తాను. ఏడిస్తే చెయ్యలేను.”

“ఏం చెయ్యలేరు?”

“ఇవాళ పదకొండింటికి రమ్మన్నారు. కాయితాలు సిద్ధం చేసి పెట్టారట. నేను సంతకం పెడితే మెషిను ఆపేస్తారు.”

“అయ్యో. అయ్యో, తల్లీ.”

“అదే అంది నాతో, ఎప్పుడో. పక్కింటావిడని అలా పడుకోబెడితే చూసొచ్చి, నన్ను మాత్రం ఆ గొట్టాలూ అవీ పెట్టి ఉంచావంటే నీ కాళ్ళు విరగ్గొడతా అంది. నేను వేరుశనక్కాయలు తింటున్నాను. సరేలే అన్నాను. చూడండి, నోట్లో గింజ కూడా తియ్యకుండా సరేలే అన్నాను!”

“ఊరుకోండి. ఊరుకోండమ్మా.”

“ఇక్కడికొచ్చేసరికి బ్రేకు నొక్కేశాను. ఇంకో గంట ప్రయాణం, అంతే. గంటలో నేను చేరతాను, చేరితే అది పోతుంది. నేను ఈ రోడ్డు మీద ఉన్నంతసేపూ ఎవరూ దాన్ని ముట్టుకోలేరు కదా అనిపించింది. గంట ఆగితే గంట బతుకుతుంది. సాయంత్రం దాకా ఆగితే సాయంత్రం దాకా. నేనేం ఎక్కువ అడగట్లేదన్నా. ఇవాళొక్కరోజు. మీరెందుకొచ్చారు? మీరు రాకపోతే సరిపోయేది కదా!”

“కోప్పడండి, పరవాలేదు. ఇవిగో నీళ్ళు. తాగండి. ఇంకొంచెం తాగండి.”

“చాలు.”

“నాకు పెద్ద చదువు లేదమ్మా. ఓదార్చడం రాదు. గుంటలు పూడ్పించడం, చక్రాలు మార్చడం, చచ్చిన కుక్కల్ని పక్కకి లాగడం, ఇదే నా పని. ఒక్క మాట చెప్తా. నచ్చకపోతే వదిలెయ్యండి.”

“చెప్పండి.”

“అంబులెన్సు వచ్చేలోపు ఈ రోడ్డు మీద నా చెయ్యి పట్టుకుని పోయినవాళ్ళు తొమ్మిదిమంది. లెక్క కోసం పెట్టుకున్న లెక్క కాదు, మర్చిపోలేక. అందరూ ఎవరో ఒకర్ని పిలిచారు. నా మొహం చూసి, నేను వాళ్ళు కానని తెలిసి కూడా పిలిచారు. ఏం చెయ్యను? ఆఁ అన్నాను. ఒకడికి అమ్మనయ్యాను, ఒకావిడకి తమ్ముణ్ణయ్యాను. కానీ నేను వాళ్ళని కాదు కదమ్మా.”

“మా అక్క పిలవదు. దానికేమీ తెలీదంటున్నారు.”

“డాక్టరు చెప్పింది నిజమే అయ్యుంటుంది, నేను కాదనను. ఇప్పుడా చెయ్యి ఎవరు పట్టుకుని ఉన్నారు?”

“నర్సులున్నారు.”

“చెయ్యి పట్టుకునా?”

“ఎవరూ లేరు.”

“నర్సుకి పది మంచాలుంటాయి. సంతకం సంగతి పక్కన పెట్టండి. ఇవాళ పెట్టలేకపోతే పెట్టకండి, ఎవరూ మెడ మీద కత్తి పెట్టి పెట్టించరు. వెళ్ళి పక్కన కూర్చోండి, చాలు.”

“కూర్చుంటే మళ్ళీ లేవలేను.”

“లేవకండి. ఎవరు లేవమన్నారు?”

“...బండి నడుస్తుందా?”

“భేషుగ్గా. మూత కూడా బిగించాను.”

“అయితే పదండి. పదండి, మళ్ళీ నా మనసు మారకముందే. ఆ గుంట దగ్గర అరగంట అన్నారు కదూ?”

“అది నాకొదిలెయ్యండి. కంట్రోల్, కంట్రోల్.”

“చెప్పు బాబాయ్. అయిందా?”

“అయింది. తల్లీ, గుంట దగ్గర మేస్త్రీకి చెప్పు, మూసిన వరసలో కోన్లు కొంచెం పక్కకి జరపమని. తారు గట్టిపడిన వైపునించి ముందు నేను, నా వెనక తెల్ల కారు. ఎక్కడా ఆపకూడదు.”

“మేస్త్రీ ఒప్పుకోడు బాబాయ్. ఇంజనీరు అక్కడే ఉన్నాడు.”

“ఆ ఇంజనీరుకి అక్కచెల్లెళ్ళున్నారా అని అడుగు.”

“ఏంటీ?”

“ఏం లేదు. హాస్పిటల్ కేసని చెప్పు. ఏదన్నా అయితే నాదే పూచీ.”

“సరే. నువ్వొచ్చేసరికి తీయిస్తా.”

“విన్నారుగా అమ్మా? ఎవరికీ దారివ్వక్కర్లేదు, నా లైటు చూస్తూ వచ్చెయ్యండి. తోలగలరా?”

“తోలతాను. అక్కే నేర్పింది. నెత్తిమీద మొట్టి మొట్టి నేర్పింది.”

“ఫోన్, అమ్మా. వాళ్ళే.”

“మీరు తియ్యండన్నా. వాళ్ళతో నేను మాట్లాడలేను. దార్లో టైరు పోయింది, గంటలో వస్తోందని చెప్పండి. గాలి నేనే తీశానని మాత్రం చెప్పకండి.”

“చెప్పనమ్మా. హలో. ఆఁ, ఆవిడ ఫోనేనండీ. నేను రోడ్డు గస్తీ మనిషిని. టైరు పోయింది, బాగుచేశాం, బయల్దేరుతున్నారు. గంటలో అక్కడ... ఆఁ? ...ఎప్పుడు? ...లేదండీ, ఆవిడకి వద్దు. నేను... నేనే చెప్తాను.”

“కోప్పడ్డారా? పదకొండు దాటిపోయిందని?”

“లేదమ్మా.”

“మరేమన్నారు? తొందరగా రమ్మన్నారా? చెప్పన్నా, ఏమన్నారు?”

“నిదానంగానే రమ్మన్నారమ్మా. సంతకం... ఇంక అక్కర్లేదట.”