ఉన్నవన్నీ చెప్పే యంత్రం

అద్దంకి దగ్గర ఒక పత్తి చేను గట్టు మీద, అరచేతిలో పట్టే యంత్రాన్ని లాప్‌టాప్‌కు తగిలించుకుని ల్యాబు అమ్మాయి కూర్చుంది. ఆమె బాబాయి పక్కనే నిలబడ్డాడు.

"పురుగును చంపే ప్రొటీన్ నీ ఆకుల్లో లేదు బాబాయ్. అందుకే కాయలన్నీ తినేసింది."

"విత్తనం నకిలీదని నేనంటే ఒక్కడూ నమ్మలా. ఆ రిపోర్టు ఇవ్వు, విత్తనాలమ్మినోణ్ణి వ్యవసాయ ఆఫీసుకు ఈడుస్తా."

"ఇంకొకటి కూడా కనిపించింది. కలుపు మందు కొట్టినా మొక్క చావకుండా కాపాడే ప్రొటీన్. సర్కారు అనుమతి లేని ఆ విత్తనం అమ్మినా నేరమే, వేసినా నేరమే."

"దాన్నెవరు చూడమన్నారు? పురుగుదే చూస్తానన్నావుగా."

"ఆకు రసంలో ముంచే పాత పరీక్ష పట్టీ అయితే అడిగిందొక్కటే చెప్పేది. ఇది ప్రొటీన్లను సూది బెజ్జంలో దారంలా సన్న రంధ్రంలోంచి లాగుతుంది. కరెంటు మారే తీరును బట్టి ఆకులో ఏవేవి ఉన్నాయో చెప్పేస్తుంది. తక్కువ ఖర్చులో చేల దగ్గరే పనైపోతుందని మేమంతా సంబరపడ్డాం."

"ఆ రెండో ముక్క తీసెయ్."

"తీసేస్తే మొదటిదీ చెల్లదు."

"అయితే ఫిర్యాదే వద్దు. పోయిన పంట ఎటూ పోయింది."

"నువ్వు మానుకున్నా ఇది ఆగదు. ఊళ్ళో చేలన్నీ పరీక్ష చేయమని వ్యవసాయ శాఖ వాళ్ళే అన్నారు."

"మీ నాన్న చేను కూడానా?"

"ముందు అదే. మంచి విత్తనం ఎలా ఉంటుందో చూపిద్దామని నేనే పేరిచ్చా."

"మీ నాన్నకు గింజలు తెచ్చిచ్చింది నేనేనమ్మా. నా సంచిలోవే."

"నాన్న చేని ఆకులు ఇప్పుడు యంత్రంలోనే ఉన్నాయి బాబాయ్."