పేజీ తిప్పనా?

కంటి ఆపరేషనై మంచం మీద కూర్చున్న అక్క పక్కకు తమ్ముడు చేరి, చిన్నప్పటి కథల పుస్తకాన్ని ఇద్దరి మధ్యా తెరిచాడు.

“పేజీ తిప్పనా అక్కా?”

“ఆఁ, అయింది. తిప్పు.”

“అబద్ధం! నీకసలు అక్షరాలే కనబడట్లేదు.”

“ఎలా కనిపెట్టావురా?”

“చిన్నప్పుడు నేనూ ఇలాగే ‘అయింది, తిప్పు’ అనేవాణ్ణి. అప్పటికి నాకు చదవడమే రాదు.”

“ఓరి దొంగా! నాతోపాటు పడీపడీ నవ్వేవాడివి కదరా?”

“నీ మొహం చూసి నవ్వేవాణ్ణి. దెయ్యం రాబోతోందంటే నీ కళ్ళు ఇంతింతయ్యేవి.”

“అడిగితే చదివి వినిపించేదాన్నిగా?”

“చదవడం రానివాళ్ళు నా పక్కన కూర్చోవద్దన్నావుగా!”

అక్క పుస్తకాన్ని అతని ఒళ్ళోకి జరిపింది.

“నువ్వు చదువుకోరా. పైకి చదవకు. నీ మొహం బాగానే కనబడుతోంది నాకు.”