నెమలి అంచు మింగిన కంప్యూటరు

నెల రోజులుగా హనుమంతరాయుడి రెండో మగ్గం ఖాళీగా ఉంది. కొడుకు ఈరన్న దాని మీద కూర్చోవాలని ఆయన కోరిక. ఈరన్న మాత్రం కంప్యూటరు ప్రోగ్రాములు రాయడానికి బెంగళూరు పోతానంటున్నాడు. కంప్యూటర్లు ఇంకా చిల్లుల కార్డులతో నడిచే రోజులవి. రంజాన్ బీ టీ అంగడి దగ్గర, జీతానికేనా పోయేది అని సాటి నేతగాడు లక్ష్మన్న అడిగేసరికి ఈరన్నకు రోషం వచ్చింది.

"జీతమా? మేధస్సు సరుకు కాదు లక్ష్మన్నా. పోయిన నెల నేను ఆడికి పోయినప్పుడు కంప్యూటరులో చిల్లుల కార్డు ఒకటి ఇరుక్కోనుండాది. ఇంజనీర్లు చూస్తా నిలబడినారు. మన మగ్గం మీద అంచు బొమ్మలు నేసే జాకార్డులో చిల్లుల అట్ట ఇరుక్కుంటే ఎట్ల తీస్తామో అట్లే గోటితో తీసినా. అంతే, పనిలోకి రమ్మన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళవీ చిల్లులే, మనవీ చిల్లులే గదా అని, సంచిలోని చీర నెమలి అంచు అట్టలు దాని నోట్లోకి తోసినా."

"మన అట్టలు అడుగు పొడుగుంటాయి. యాడ పడతాయప్పా?" అన్నాడు లక్ష్మన్న.

"నోరు పెద్దది చేయించినా. ఇంక చూడు, కాగితం మీద నెమళ్ళు అచ్చుపడతా వచ్చినాయి. ఆ కాగితం గది నిండింది, మెట్లు దిగింది, రైలు పట్టాలెంబడి హిందూపురం దాటింది. పెనుకొండ కాడ మేకలు దాన్ని మేసినాయి గానీ, లేకుంటే మీ గడపల్లోకే వచ్చుండేది. ఆ నెమళ్ళు పురి విప్పితే మన సీమంతా మబ్బు కమ్మింది."

"మరి వాన?" అంది రంజాన్ బీ.

"కాగితం తడుస్తాదని నేనే ఆపినా."

"పంటలు ఎండింది నీ వల్లనా అయితే," అంటూ ఆమె గ్లాసులు కడగసాగింది.

ఈరన్న ఆగలేదు. కంపెనీ దొర ముందు వెయ్యి ఇస్తానన్నాడట, తర్వాత పదివేలు, చివరికి కంపెనీనే రాసిస్తానన్నాడట.

"వద్దంటిని. దుడ్ల కోసం చేసేవాడు బానిస, ఇష్టంతో చేసేవాడు మనిషి. పైసా లేకుండా రేయింబగళ్ళు చేస్తానని మొగాన్నే చెప్పినా."

పక్కనే టీ తాగుతున్న హనుమంతరాయుడు గ్లాసు కింద పెట్టాడు.

"పైసా లేకుండా చేస్తావా?"

"చేస్తా నాయనా."

"అయితే మన మగ్గానికేం తక్కువరా? పని దండిగా ఉండాది, పైసా రాదు. ఈ భాగ్యానికి బెంగళూరు దాకా ఎందుకు?"

బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఈరన్న నవ్వలేదు. కాళ్ళ కింది దుమ్ము చూస్తూ గొంతు తగ్గించి అన్నాడు.

"నెలకు ఆరు నూర్లు ఇస్తామన్నారు నాయనా."

హనుమంతరాయుడు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఈ మాట మొదటే చెప్పింటే, నేనే బస్సు ఎక్కించుందును గదరా."